నొప్పి ఎంత అని కాదు, ఎక్కడ అని అడగండి: స్లీవ్ ఆపరేషన్ తర్వాత నొప్పి నివారణపై కేస్ స్టడీ

బరువు తగ్గేందుకు జీర్ణాశయాన్ని ఇరుకైన గొట్టంగా మార్చే స్లీవ్ ఆపరేషన్ ముగిసిన 20 నిమిషాలకు రికవరీ గదిలో రోగి చెప్పిన నొప్పి స్కోరు 10కి 7. పొట్ట గోడ నరాలను మొద్దుబార్చేందుకు వేసిన ఇంజెక్షన్ (బ్లాక్) మాత్రం చక్కగా పనిచేస్తోంది. పక్కటెముకల కింద ఐసు ముక్క ఆనిస్తే చల్లదనం తెలియడం లేదు. పరికరాలు దించడానికి చేసిన రంధ్రాల (పోర్టుల) గాయాల పక్కన వేలితో నొక్కినా ఆమె ముఖం చిట్లించలేదు. మరి ఆ 7 ఎక్కడి నుంచి వచ్చింది? దానికి జవాబు వెతక్కుండా మార్ఫిన్ ఎక్కించడం తేలిక. అలా చేస్తే ఏమవుతుందో ఈ కేసులోనే ఆ రాత్రి కనిపించింది.

ఈ కేసు బోధన కోసం కూర్చినది. ఒకే మనిషి చరిత్ర కాదు, ఇలాంటి రోగుల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే పరిస్థితులను ఒక్కచోటికి తెచ్చాం. మోతాదులు ఈమె కొలతలకు లెక్కగట్టినవి. వేరొకరికి యథాతథంగా ఎత్తి రాసుకునేవి కావు.

రోగి, ఆమె బరువులు

వయసు 42, మహిళ. ఎత్తు 164 సెం.మీ., బరువు 128 కిలోలు, బీఎంఐ 47.6. టైప్ 2 మధుమేహానికి మెట్‌ఫార్మిన్, రక్తపోటుకు టెల్మిసార్టాన్ వాడుతున్నారు. తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉంది. నిద్ర పరీక్షలో గంటకు 34 సార్లు శ్వాస ఆగడమో తగ్గడమో జరిగింది. ఇంట్లో 10 సెం.మీ. నీటి పీడనంతో సీప్యాప్ (గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే మాస్కు యంత్రం) పెట్టుకుంటారు. మోకాళ్ల అరుగుదలకు రెండేళ్లుగా డైక్లోఫెనాక్ మాత్రలు. మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ 0.8. పొగతాగరు. గతంలో పిత్తాశయం ఆపరేషన్ తర్వాత బాగా వాంతులయ్యాయి. తలపెట్టిన ఆపరేషన్ ల్యాపరోస్కోపిక్ స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేసే స్లీవ్.

మందుల లెక్కకు కూర్చునే ముందు ఆమె బరువును నాలుగు రకాలుగా రాసుకున్నాం. తూకం బరువు 128 కిలోలు. ఎత్తును బట్టి వచ్చే ఆదర్శ బరువు 56. కొవ్వు తీసేస్తే మిగిలే బరువు సుమారు 58. ఆదర్శ బరువుకు, మిగులు బరువులో 40 శాతం కలిపితే వచ్చే సవరించిన బరువు 85. కేసు షీటు మొదటి పేజీలో ఈ అంకెలు లేకపోతే హడావిడిలో ప్రతి ఒక్కరూ 128తోనే గుణిస్తారు. స్థానిక మత్తుమందు దగ్గర ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. రోపివాకెయిన్ కిలోకు 3 మి.గ్రా. అనుకుంటే ఆదర్శ బరువుకు 168 మి.గ్రా., తూకం బరువుకు 384 మి.గ్రా. రెట్టింపుకు మించిన తేడా. కొవ్వు పెరిగినంత మాత్రాన గుండె, మెదడు ఆ మందును తట్టుకునే శక్తి పెరగదు.

ఏవి పక్కన పెట్టాం, ఎందుకు

వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మందిచ్చే ఎపిడ్యూరల్ ఆలోచన ఎక్కువసేపు నిలవలేదు. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్ అయితే దానికి చోటుంది. ల్యాపరోస్కోపీలో అది తెచ్చే మేలు కన్నా చిక్కులే ఎక్కువ: కొవ్వు మధ్య ఎముక ఆనవాళ్లు చేతికి దొరకవు, క్యాథెటర్ జారుతుంది, రక్తపోటు పడుతుంది, రోగి లేచి నడవడం ఆలస్యమవుతుంది. వెన్నులో మార్ఫిన్ కూడా వద్దనుకున్నాం. దాని వల్ల శ్వాస మందగించడం ఎన్నో గంటల తర్వాత కూడా రావచ్చు. స్లీప్ ఆప్నియా ఉన్న మనిషిని మామూలు వార్డులో ఉంచుకుని ఆ భయం ఎవరు మోస్తారు?

నరాల నొప్పికి వాడే గబాపెంటిన్, ప్రీగబాలిన్ చాలా చోట్ల అలవాటుగా రాసేస్తారు. శ్వాస సమస్యలున్న వారిలో ఇవి ఊపిరిని మందగింపజేయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో హెచ్చరించింది. మార్ఫిన్ జాతి మందు (ఓపియాయిడ్) తోడైతే ముప్పు పెరుగుతుంది. ఈమెకు వద్దనుకున్నాం.

సిరలోకి లిడోకెయిన్ డ్రిప్ మంచి మందే. పేగుల కదలికకూ తోడ్పడుతుంది. చిక్కల్లా పొట్ట గోడ బ్లాక్‌తో కలపకూడదు. రెండూ ఒకే జాతి మందులు, విషప్రభావం కూడుతుంది. బ్లాక్ వేశాక కనీసం నాలుగు గంటలు లిడోకెయిన్ మొదలుపెట్టకూడదన్నది పాటించాల్సిన నియమం. ఏదో ఒకటే ఎంచుకోవాలి. మేం బ్లాక్ వైపు మొగ్గాం. బ్లాక్ వేసే చేయి లేని చోట లిడోకెయిన్ మంచి ప్రత్యామ్నాయం: ఆదర్శ బరువుపై కిలోకు 1.5 మి.గ్రా. 10 నిమిషాల్లో ఎక్కించి, ఆపైన గంటకు కిలోకు 1.5 మి.గ్రా. మించకుండా, ఈసీజీ మానిటర్ కింద.

ఓపియాయిడ్ పూర్తిగా మానేయాలన్న పట్టుదల గురించి ఒక మాట. దాన్ని తగ్గించడం వేరు, సున్నా చేయాలన్న పంతం వేరు. ఓపియాయిడ్‌కు బదులు డెక్స్‌మెడిటోమిడిన్ అనే నిద్రపుచ్చే మందు ఎక్కువ మోతాదుల్లో వాడి చూసిన ఫ్రాన్స్ పరీక్ష ఒకటి 2021లో ప్రచురితమైంది. ఆ మందు తీసుకున్న వారిలో గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవడంతో దాన్ని ముందే ఆపేయాల్సి వచ్చింది. ఒక మందు మానడానికి ఐదు మందులు చేర్చి, ఆ ఐదింటి దుష్ప్రభావాలతో కుస్తీ పట్టడంలో అర్థం లేదు. మా ప్రణాళికలో ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ ఉంది, కొద్దిగా.

సర్జన్‌తో తేల్చుకోవాల్సింది: కీటోరోలాక్

నొప్పి మందుల్లో సర్జన్‌కూ మత్తు డాక్టర్‌కూ మాట పడేది ఎక్కువగా డైక్లోఫెనాక్ జాతికి చెందిన ఈ మందు దగ్గరే. సర్జన్ భయం స్టేపుల్ లైన్ (జీర్ణాశయాన్ని కోసి పిన్నులతో మూసిన గీత) నుంచి రక్తం కారుతుందేమోనని, మత్తు డాక్టర్ భయం కీటోరోలాక్ లేకపోతే మార్ఫిన్ పెరుగుతుందని. రెండూ నిజమైన భయాలే. ఈ కేసులో ముందు రోజే ఒప్పందానికి వచ్చాం. స్టేపుల్ లైన్ చివరిసారి చూసి పొడిగా ఉందని సర్జన్ నోటితో చెప్పాకే మొదటి డోసు. ఒక్కో డోసు 30 కాదు, 15 మి.గ్రా. ఆరు గంటలకోసారి, నాలుగు డోసులతో సరి.

మూత్రపిండాల లెక్క వేరే ఉంది. ఆపరేషన్‌కు ముందు ద్రవాహారం, ఆపరేషన్ తర్వాత గుక్కెడు గుక్కెడు నీళ్లు. ఒంట్లో నీరు తక్కువగా ఉన్న ఈ రోజుల్లో టెల్మిసార్టాన్ వంటి మందు, దానికి తోడు కీటోరోలాక్ పడితే క్రియాటినిన్ ఎగబాకుతుంది. అందుకే ఆపరేషన్ ఉదయం టెల్మిసార్టాన్ ఆపాం. మూత్రం సరిగా వస్తూ, నీళ్లు తాగగలిగాకే మళ్లీ మొదలు. డైక్లోఫెనాక్‌ను వారం ముందే మాన్పించాం.

ఇదే రోగికి స్లీవ్ కాకుండా రూ-ఎన్-వై బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) అయి ఉంటే? మొదటి 24 గంటల కీటోరోలాక్ మీద అభిప్రాయాలు రెండు వైపులా ఉన్నాయి. ఇంటికి వెళ్లాక ఈ జాతి మాత్రలు వద్దన్నదాంట్లో మాత్రం సందిగ్ధం లేదు. కొత్తగా కలిపిన చోట పుండు పడుతుంది, అది రంధ్రం కూడా కావచ్చు.

ఆపరేషన్ రోజు

ఉదయం 7 గంటలకు ఒక గుక్క నీటితో పారాసెటమాల్ 1 గ్రాము. అప్పుడే ఆమెకు నొప్పుల గురించి చెప్పాం. ఇది అయిదు నిమిషాల పని. కోత దగ్గర మంట, లోపల మెలిక, భుజంలో లాగుడు – ఈ మూడూ రావచ్చు, మూడూ వేరువేరు, ఏది వస్తే అది చేత్తో చూపించమన్నాం. ఈ మాటలు ముందే తెలిసిన రోగి రికవరీలో 'నొప్పి, నొప్పి' అని మాత్రమే అనరు.

ప్రొపొఫాల్‌తో మత్తు ఇచ్చి, డ్రిప్‌గా దాన్నే కొనసాగించాం. గ్యాసు మత్తు కన్నా వాంతులు తక్కువ. మొదట్లో ఫెంటనిల్ 100 మైక్రోగ్రాములు, కీటమిన్ 15 మి.గ్రా. (ఆదర్శ బరువుపై కిలోకు సుమారు 0.25 మి.గ్రా.), మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు 20 నిమిషాల్లో. మెగ్నీషియం కండరాలను సడలించే మందు ప్రభావాన్ని పొడిగిస్తుంది. నరాల ఉత్తేజ మానిటర్ లేకుండా దాన్ని ఇవ్వకండి. సగం కోలుకున్న కండరాలతో ట్యూబు తీస్తే, స్లీప్ ఆప్నియా ఉన్న గొంతు మూసుకుపోతుంది. డెక్సామెథసోన్ 8 మి.గ్రా. రోగి నిద్రపోయాకే ఇవ్వాలి. మెలకువలో ఇస్తే మర్మాంగాల దగ్గర భరించలేని మంట, దురద వస్తాయి. దానివల్ల చక్కెర పెరుగుతుంది కాబట్టి రెండు గంటలకోసారి గ్లూకోజు చూశాం.

ఇక బ్లాక్. రోపివాకెయిన్ 0.5 శాతం 30 మి.లీ.లో సెలైన్ 30 మి.లీ. కలిపితే 0.25 శాతం మందు 60 మి.లీ. వస్తుంది, అంటే 150 మి.గ్రా. మన పరిమితి 168. ఇందులో 20 మి.లీ. చొప్పున రెండు వైపులా పక్కటెముకల అంచు కింద, 10 మి.లీ. చొప్పున రెండు వైపులా నడుం పక్కన. పైపొట్ట పోర్టులకు పక్కటెముకల కింది బ్లాక్ ముఖ్యం. అది వెన్నుపాము ఛాతీ భాగం నుంచి వచ్చే టీ6 నుంచి టీ9 వరకు నరాలను పట్టుకుంటుంది. పక్కన మాత్రమే వేసే మామూలు ట్యాప్ బ్లాక్ బొడ్డు పైకి సరిగా ఎక్కదు. బ్లాక్ విఫలమైందని రాసే కేసుల్లో చాలావరకు నిజానికి తప్పు చోట సరిగ్గా వేసినవే.

అల్ట్రాసౌండ్‌లో ఇబ్బంది లోతు. లీనియర్ ప్రోబ్ ఈమె పొట్టలో కండరం దాకా స్పష్టంగా చూపదు. 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ వంపు ప్రోబ్ తీసుకుని, కొవ్వును గట్టిగా నొక్కి, పక్కటెముక అంచుకు సమాంతరంగా ఏటవాలుగా పెట్టాం. 100 మి.మీ. సూది సరిపోయింది, 150 మి.మీ.ది పక్కన సిద్ధంగా ఉంది. మందు వెళ్తున్నప్పుడు రెండు కండరాల మధ్య నల్లటి కదురు ఆకారం తెరుచుకోవాలి. కండరమే ఉబ్బితే సూది పొరలో లేదు. ప్రతి 5 మి.లీ.కి ఒకసారి వెనక్కి లాగి రక్తం రాలేదని చూడాలి. అల్ట్రాసౌండ్ లేకపోతే సర్జనే కెమెరాతో లోపలి నుంచి చూస్తూ వేయవచ్చు. లోపలివైపు నునుపుగా, కండరం కప్పిన ఉబ్బు లేస్తే సరైన చోటు. పల్చటి నీటిబుడగలా కనిపిస్తే సూది పెరిటోనియం (పొట్ట లోపలి పల్చటి పొర) దాకా వచ్చేసిందని, రెండు మూడు మి.మీ. వెనక్కి తీయాలి.

ఇక్కడ జరిగే అసలు ప్రమాదం తెర అవతల ఉంటుంది. మత్తు డాక్టర్ 150 మి.గ్రా. వేసిన సంగతి తెలియక సర్జన్ అలవాటుగా పోర్టుల దగ్గర బుపివాకెయిన్ 0.5 శాతం 20 మి.లీ. వేస్తారు, అంటే ఇంకో 100 మి.గ్రా. మందు పేరు వేరైనా విషం ఒకటే ఖాతాలో పడుతుంది. మత్తులో ఉన్న రోగి నాలుక తిమ్మిరి, చెవుల్లో హోరు అని చెప్పలేరు. మొదట కనిపించేది గుండె లయ తప్పడమో, రక్తపోటు కుప్పకూలడమో. అందుకే ఈ కేసులో స్థానిక మత్తుమందు మొత్తాన్ని బోర్డు మీద రాసి, మిగిలిన పరిమితి 18 మి.గ్రా. అని సర్జన్‌కు వినిపించాం. ఆ విషానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రవం) థియేటర్‌లోనే ఉంచాం. మొదటి డోసు ఆదర్శ బరువుపై కిలోకు 1.5 మి.లీ., అంటే ఈమెకు 84 మి.లీ.

పొట్టలో నింపే గ్యాసు పీడనం 15 మి.మీ. పాదరసం కాకుండా 12తో సర్జన్ పని నడిపించారు. చివర్లో పోర్టులు తెరిచే ఉంచి, తలవైపు కొద్దిసేపు కిందికి దించి, ఊపిరితిత్తులను నెమ్మదిగా నిండుగా ఐదుసార్లు ఊది, డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరం) కింద మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి నెట్టాం. భుజం నొప్పికి ఇంతకన్నా చవకైన మందు లేదు. అయినా చాలా థియేటర్లలో పోర్టులు లాగేసే తొందరలో ఇదే ఎగిరిపోతుంది. స్టేపుల్ లైన్ పొడిగా ఉందని విన్నాక 10:15కి కీటోరోలాక్ 15 మి.గ్రా., ఆన్‌డాన్‌సెట్రాన్ 4 మి.గ్రా.

రికవరీలో ఆ 7

"అమ్మా, ఎక్కడ నొస్తోంది? వేలితో చూపించండి."

"గాయాల దగ్గర కాదండీ. ఇదిగో, ఇక్కడ లోపల మెలిపెడుతోంది. వస్తోంది, పోతోంది. ఈ భుజం కూడా లాగుతోంది."

వేలు కాదు, అరచేయి మొత్తం రొమ్ము ఎముక కింద ఆనించి చూపించారు. పొట్ట గోడ నొప్పిని రోగి వేలితో చూపిస్తారు, లోపలి అవయవం నొప్పిని అరచేత్తో. ఎప్పుడూ నిజం కాదు గానీ మంచం పక్కన ఇంత త్వరగా దొరికే ఆనవాలు మరొకటి లేదు.

లోపలి మెలిక స్లీవ్‌కు ప్రత్యేకమైనది. సంచిలాంటి జీర్ణాశయం ఇరుకైన గొట్టమయ్యాక అది బిగుసుకుంటుంది. ఓకరింత వస్తే ఇంకా బిగుస్తుంది. ఈ నొప్పి వేగస్, సింపథెటిక్ నరాల మీదుగా వెళ్తుంది. పొట్ట గోడ బ్లాక్ దాన్ని ముట్టుకోనే ముట్టుకోదు. కాబట్టి బ్లాక్ పనిచేయలేదని మళ్లీ వేయడం, లేదా నొప్పి 7 కాబట్టి మార్ఫిన్ అనడం రెండూ పక్కదారులే. లోపలి మెలికను సడలించే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ 20 మి.గ్రా. నెమ్మదిగా సిరలోకి ఇచ్చాం. ఓకరింతకు రెండో జాతి మందుగా డ్రోపెరిడాల్ 0.625 మి.గ్రా., ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి మామూలుగా ఉందని చూశాకే. ఫెంటనిల్ 25 మైక్రోగ్రాముల చొప్పున రెండుసార్లు, మధ్యలో ఐదు నిమిషాలు ఆగి. అరగంటలో స్కోరు 3.

భుజం సంగతి. డయాఫ్రమ్‌ను గ్యాసు గిల్లితే ఫ్రెనిక్ నరం మీదుగా ఆ నొప్పి భుజంలో తేలుతుంది. భుజానికి ఏమీ కాలేదని చెప్పడమే సగం వైద్యం. వెల్లకిలా పడుకుంటే నొప్పి తగ్గుతుంది, కానీ స్లీప్ ఆప్నియాకు అది పనికిరాదు. మంచం తల 30 డిగ్రీలు లేపి, భుజానికి వేడి కాపడం పెట్టి, సాయంత్రం నాలుగు గంటలకల్లా కారిడార్‌లో నడిపించాం. ఓపియాయిడ్ ఈ నొప్పికి పెద్దగా పనిచేయదు.

వార్డుకు పంపే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. రోగిని పలకరించకుండా, తాకకుండా, ఆక్సిజన్ తీసేసి, కాసేపు ఊరికే వదిలి చూడాలి. మాట్లాడిస్తే ఎవరైనా ఊపిరి తీస్తారు. వదిలేసినప్పుడు శ్వాస ఆగుతోందా, రక్తంలో ఆక్సిజన్ శాతం (సాచురేషన్) జారుతోందా అన్నదే ప్రశ్న. ఈమె ఆ పరీక్ష నెగ్గారు.

రాత్రి 11 గంటలు

పగలు పారాసెటమాల్ 1 గ్రాము ఐవీ మధ్యాహ్నం ఒంటిగంటకు పడింది. సాయంత్రం 7 గంటల డోసు పడలేదు. ఆర్డరు నోటి మాత్రగా ఉంది, రోగి మంచానికి నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదన్న బోర్డు ఉంది. నర్సు నిబంధన పాటించి మాత్ర ఆపారు, ఐవీగా మార్చమని అడగాలని ఎవరికీ తట్టలేదు. రాత్రి 10:15 కీటోరోలాక్ షిఫ్టు మార్పిడిలో వెనకబడింది. రోపివాకెయిన్ బ్లాక్ ఆయుష్షు 8 నుంచి 12 గంటలు. ఉదయం 9కి ముందు వేసింది అప్పటికి విడిచిపోయింది. మూడూ ఒకే గంటలో కలిసొచ్చాయి. 11కి ఆమె దగ్గితే ఎడమ పక్క పెద్ద పోర్టు దగ్గర, అంటే కోసిన జీర్ణాశయం ముక్కను బయటికి లాగిన చోట, నొప్పి 8. మళ్లీ ఓకరింత, దాంతో సీప్యాప్ మాస్కు తీసి పక్కన పెట్టారు.

డ్యూటీ డాక్టర్ ఛార్టులో అచ్చువేసి ఉన్నదే చేశారు: నొప్పి 6 దాటితే మార్ఫిన్ 5 మి.గ్రా. ఐవీ, 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ. రెండూ పడ్డాయి. ఓకరింతకు, నిద్రమత్తు తెచ్చే ప్రోమెథజిన్ 25 మి.గ్రా. కూడా. ముక్కు గొట్టంతో నిమిషానికి 4 లీటర్ల ఆక్సిజన్.

12:10కి సాచురేషన్ 97. మానిటర్ పచ్చగా ఉంది, అలారం లేదు. నర్సు గడియారం పట్టుకుని నిమిషం పాటు లెక్కపెడితే శ్వాస 7. పిలిస్తే కళ్లు తెరిచి, మాట మధ్యలోనే మళ్లీ మూస్తున్నారు. రక్తవాయువు పరీక్షలో పీహెచ్ 7.29, కార్బన్ డయాక్సైడ్ 61 మి.మీ. పాదరసం, అంటే ఊపిరి చాలక అది పేరుకుపోతోంది. ఆక్సిజన్ ఇస్తున్న రోగిలో సాచురేషన్ ఆఖర్న పడే అంకె. అది పడే వేళకు రోగి అంచుకు చేరుకుని ఉంటారు. నిద్రమత్తు ముందు, శ్వాస లెక్క తర్వాత, సాచురేషన్ చివర. వార్డు ఛార్టుల్లో మాత్రం వరస తలకిందులుగా ఉంటుంది.

చేసింది ఇదీ. గట్టిగా తట్టి లేపి కూర్చోబెట్టాం, సీప్యాప్ తిరిగి పెట్టాం. వాంతి వచ్చేలా ఉంటే మాస్కు ప్రమాదం కాబట్టి ఒక నర్సును పక్కనే ఉంచాం. మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ 400 మైక్రోగ్రాముల ఆంప్యూల్‌ను సెలైన్‌తో 10 మి.లీ. చేసి, 1 మి.లీ. చొప్పున, అంటే 40 మైక్రోగ్రాములు, రెండు నిమిషాలు ఆగుతూ ఇచ్చాం. రెండో మి.లీ.కి శ్వాస 12కు వచ్చింది, అక్కడ ఆపాం. ఆంప్యూల్ మొత్తం ఒక్కసారి కొడితే రోగి అరుస్తూ లేస్తారు, రక్తపోటు ఎగబాకుతుంది, ఓకరింత స్టేపుల్ లైన్‌ను కుదుపుతుంది. మనకు కావాల్సింది ఊపిరి, పూర్తి మెలకువ కాదు. నాలోక్సోన్ మార్ఫిన్ కన్నా ముందే దిగిపోతుంది. అనుకున్నట్టే 50 నిమిషాలకు మళ్లీ కళ్లు వాలాయి, ఇంకో 40 మైక్రోగ్రాములు. మిగిలిన రాత్రి క్యాప్నోగ్రఫీతో (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే మానిటర్) హై డిపెండెన్సీ గదిలో.

నొప్పికి? పారాసెటమాల్ 1 గ్రాము ఐవీ, ఆలస్యమైన కీటోరోలాక్ 15 మి.గ్రా. గంటలో దగ్గినప్పుడు నొప్పి 4. ఆ రెండూ వేళకు పడి ఉంటే మార్ఫిన్ ఊసు వచ్చేది కాదని ఖాయంగా చెప్పలేం, కానీ 10 మి.గ్రా. దాకా వెళ్లేది కాదు.

మార్ఫిన్ బదులు ట్రామడాల్ ఇస్తే సురక్షితమని అనుకునేవాళ్లున్నారు. అది ఓకరింత పెంచుతుంది, మూర్ఛ ఉన్నవారికి పనికిరాదు, డిప్రెషన్ మందులు వాడేవారిలో సెరొటోనిన్ సిండ్రోమ్ తెస్తుంది. పైగా ఆన్‌డాన్‌సెట్రాన్ దాని నొప్పి ప్రభావాన్ని కొంత తగ్గిస్తుంది. మనం ఈ రెంటినీ ఒకే ఛార్టులో పక్కపక్కన రాస్తుంటాం.

మరునాడు ఉదయం: నాడి 118

7 గంటలకు మెలిక నొప్పికి మళ్లీ హయోసిన్ 20 మి.గ్రా. 7:20కి నాడి 118, ఎడమ భుజం నొప్పి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. స్లీవ్ తర్వాత స్టేపుల్ లైన్ లీకయితే తొలి సంకేతం చాలాసార్లు నాడి వేగమే. ఎడమ భుజం నొప్పి, ఊపిరి వేగం, కారణం చెప్పలేని కంగారు దానికి తోడొస్తాయి. ఇంత లావు పొట్టలో గట్టిదనం చేతికి తెలియదు. పారాసెటమాల్, కీటోరోలాక్ జ్వరాన్ని కప్పేస్తాయి. డెక్సామెథసోన్ తెల్లకణాలను తనంతట తానే పెంచుతుంది. మనం నొప్పికి ఇచ్చిన ప్రతి మందూ ఒక్కో ఆనవాలును చెరిపేసిందన్నమాట. వాటిలో హయోసిన్ తానే నాడిని పరుగెత్తిస్తుంది.

అందుకే గంటసేపు ఏ నొప్పి మందూ ఇవ్వకుండా, 15 నిమిషాలకోసారి నాడి రాసుకున్నాం. 118, 112, 101, 94. శ్వాస 16. హిమోగ్లోబిన్ నిన్నటికన్నా 0.4 మాత్రమే తక్కువ. నడిపిస్తే నడిచారు, భుజం నొప్పి నడకతో తగ్గింది. లీకు నొప్పి నడిస్తే తగ్గదు. నాడి 120 దగ్గర కదలకుండా నిలబడి ఉంటే సీటీకి, సీటీ బాగున్నా అనుమానం పోకపోతే తిరిగి ల్యాపరోస్కోపీకి వెళ్లేవాళ్లం. మామూలు సీటీ లీకును పూర్తిగా కొట్టిపారేయదు. నాడిని నెమ్మదింపజేసే బీటా బ్లాకర్ వాడే రోగి అయితే 118 కూడా కనిపించదు, 95 అయినా అనుమానించాలి.

ఈ వేళకు వచ్చే వేరే నొప్పులు కొన్ని ఉన్నాయి. పిరుదుల్లో, నడుములో తీవ్రమైన నొప్పి, ముదురు రంగు మూత్రం ఉంటే ఒత్తిడికి కండరం నలిగిందేమోనని, అప్పుడు రక్తంలో పెరిగే సీకే ఎంజైమ్ చూడాలి. చాలాసేపు సాగిన ఆపరేషన్లలో ఇది వస్తుంది. గ్లిఫ్లోజిన్ జాతి మధుమేహ మందు ఆపకుండా వచ్చిన రోగిలో పొట్టనొప్పి, వాంతులు, ఊపిరి వేగం, గ్లూకోజు మాత్రం మామూలుగా ఉంటే కీటోన్లు చూడండి. అది లీకులాగే కనిపిస్తుంది. ఆ మందులను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు రోజుల ముందు ఆపాలి.

ఇంటికి

ఆపరేషన్ అయిన రెండు రోజులకు సాయంత్రం పంపించాం. రాసిచ్చింది పారాసెటమాల్ ద్రవం, 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉండేది. 1 గ్రాముకు 20 మి.లీ. కావాలి. ఈమె కొత్త జీర్ణాశయానికి అది ఒక్క గుక్కలో పట్టదు, పావుగంటలో నాలుగు విడతలుగా తాగమన్నాం. ఆరు గంటలకోసారి, ఐదు రోజులు, రోజుకు 4 గ్రాములు మించకుండా. చక్కెర లేని సిరప్ అయి ఉండాలి. నీటిలో బుసబుసలాడే మాత్రలు వద్దు. గ్యాసు ఆ ఇరుకు గొట్టాన్ని ఉబ్బించి కొత్త నొప్పి తెస్తుంది, పైగా వాటిలో సోడియం ఎక్కువ. ఓపియాయిడ్ రాయలేదు. చివరి 24 గంటల్లో ఆమెకు ఒక్క డోసు కూడా అవసరం పడలేదు, ఇంటికెళ్లాక పడుతుందని అనుకునే కారణం లేదు. నాడి 110 దాటి తగ్గకపోయినా, నొప్పి తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగినా, నీళ్లు దిగకపోయినా ఫోను చేయడం కాదు, నేరుగా రమ్మని రాతపూర్వకంగా ఇచ్చాం.

నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రలను ఈ ఆపరేషన్ల తర్వాత నలిపి ఇవ్వకూడదు, ఒకరోజు మోతాదంతా ఒకేసారి పడుతుంది. బైపాస్ తర్వాతైతే మార్ఫిన్ ద్రవం కూడా ముందుకన్నా త్వరగా రక్తంలోకి చేరి, గరిష్ఠ స్థాయి పెరుగుతుంది. ఏళ్లుగా ఓపియాయిడ్ మీద ఉన్న రోగికి పాత మోతాదు అలాగే రాసేయకుండా ఇది గుర్తుంచుకోవాలి.

ఆ రాత్రి తర్వాత ఛార్టులో మూడు మార్పులు జరిగాయి. పారాసెటమాల్ ఆర్డరులో నోటి ద్వారా లేదా ఐవీ అని రెండు గళ్లూ ఉంటాయి. 'అవసరమైతే' మార్ఫిన్ వరుసకు ముందు, వేళ ప్రకారం పడాల్సిన మందులు పడ్డాయా అన్న ప్రశ్నకు టిక్కు పెట్టాలి. స్లీప్ ఆప్నియా రోగులకు మార్ఫిన్ ఒక్కో డోసు 1 నుంచి 2 మి.గ్రా., ప్రోమెథజిన్ తొలగింపు.

మోకాళ్లకు డైక్లోఫెనాక్ జెల్ ఇచ్చాం. ఆరో వారం సమీక్షకు ఆమె ఎముకల డాక్టర్ దగ్గర పాత చీటీనే మళ్లీ రాయించుకుని వచ్చారు: డైక్లోఫెనాక్ 100 మి.గ్రా., నెమ్మదిగా విడుదలయ్యే రకం. స్లీవ్‌లో ఈ మాత్రలకు బైపాస్ అంత గట్టి నిషేధం లేదు. కానీ పుల్లటి తేన్పులు ఎక్కువై స్లీవ్‌ను తర్వాత బైపాస్‌గా మార్చాల్సి వచ్చే వాళ్లున్నారు, ఆ రోజు ఈ అలవాటు ఆమెతో పాటే వస్తుంది. చీటీ మీద ఆ మందు కొట్టేసి, ఎందుకు కొట్టేశామో రెండు వాక్యాలు రాసి, నకలు ఆ డాక్టర్‌కు పంపించాం.